సుబ్బరావమ్మ చేమిరి

కొండవీటి క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి ఏడంతస్తులు, నాలుగు వందల మంచాలు. మనిషి ఒంట్లో ఆవగింజంత గడ్డ దాక్కున్నా వెతికి పట్టుకునే యంత్రాలున్నాయి. ఆ యంత్రాలకు చెమట పట్టకుండా విసరడానికి వేరే యంత్రాలున్నాయి. ఇన్ని ఉండీ ఆ రెండేళ్ళూ అక్కడి వైద్యం మొత్తం ఎర్రకుంటపాలెం నుంచి పొద్దున ఆరింటి బస్సులో దిగే గేదెల సుబ్బరావమ్మ మీద నడిచింది. ఆవిడ బస్సు తప్పితే ఏడంతస్తులూ చేతులు కట్టుకుని కూర్చునేవి. అబద్ధమనిపిస్తే అక్కడి సిస్టర్ సలోమిని అడిగి చూడండి. ఆవిడ ఇంకో రెండు కలిపి చెబుతుంది.

సుబ్బరావమ్మకు అరవై రెండేళ్ళు. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ కాలేయంలో మారేడుకాయంత గడ్డ ఉంది. డాక్టర్లు తలలు దించుకుని, "ఇంటికెళ్ళి ఇష్టమైనవి తినమ్మా" అన్నారు. ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఈనే గేదె ఒకటి ఉంటే దాని దగ్గర కూర్చుంది. గేదె ఈనింది, దూడ పెరిగింది, పాలు ఎండిపోయాయి, సుబ్బరావమ్మ మాత్రం అట్లాగే ఉంది. పది నెలల తర్వాత ఒకరోజు, మూటలో పొరపాటున వచ్చేసిన ఆసుపత్రి దుప్పటి తిరిగి ఇచ్చేద్దామని బస్సెక్కింది. డాక్టర్ ధనుంజయ ఆవిణ్ణి గుమ్మంలో చూసి, చనిపోయిన మనిషి దుప్పటి పట్టుకుని వచ్చిందేమిటా అని రెండడుగులు వెనక్కి వేశాడు. స్కాన్ తీస్తే గడ్డ లేదు. పలక తుడిచినట్టుంది.

ధనుంజయకు నలభై ఎనిమిదేళ్ళు. హాస్టళ్ళలో పెరిగి, ప్రయోగశాలలో జుట్టు నెరిసినవాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ కేంద్రంలో లేరు. ఆవిడ రక్తాన్ని ఎనిమిది నెలలు వెతికి, అందులో ఒక కావలి కణాన్ని పట్టుకున్నాడు. క్యాన్సర్ ఏ వేషం కట్టుకుని వచ్చినా గుర్తుపట్టి కరిగించే కణం అది. సీసాలో పెంచుదామంటే గంట దాటితే చచ్చిపోతుంది. మంచుపెట్టెలో దాచితే అసలే బతకదు. మనిషి ఒంట్లోనే బతుకుతానని మొండికేసింది.

అందుకే సుబ్బరావమ్మను పడుకోబెట్టి, ఒక చేతి నుంచి రక్తాన్ని యంత్రంలోకి లాగి, ఆ కణాలను మాత్రం వేరు చేసి, మిగతా రక్తాన్ని రెండో చేతికి ఎక్కించేవారు. మొదటి రోజే ఆవిడ అడిగింది.

"ఏంది డాక్టరుబాబూ, నా నెత్తురు తీసి మళ్ళీ నాకే పోస్తన్నారు. మీకు మిగిలేదేంది?"

ధనుంజయ కాగితం మీద బొమ్మలు గీసి పది నిమిషాలు చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది.

"అంటే చిలికి వెన్న తీసుకుని మజ్జిగ నాకు పోస్తన్నారు."

"దాదాపు అంతే."

"ఆ వెన్నేం చేస్తారు?"

"వేరే పేషెంట్లకు ఎక్కిస్తాం. మనిషికి చెంచాడే. కానీ వారం తిరిగేసరికి వాళ్ళ ఒంట్లో కణాలు దీన్ని చూసి నేర్చుకుని, అన్నీ దీనిలాగే మారిపోతాయి."

సుబ్బరావమ్మ పకపకా నవ్వింది. "దీనికి ఇన్ని బొమ్మలెందుకు బాబూ? చేమిరి! కుండెడు పాలల్లో చుక్క మజ్జిగేస్తే తెల్లారేసరికి పెరుగైద్ది. ఇరుగూ పొరుగూ గిన్నె తెస్తే రోజూ ఇచ్చేదే. నేను చేమిరిస్తన్నానన్నమాట."

ధనుంజయ ఇంట్లో పెరుగంటే ప్యాకెట్టే. చేమిరి అంటే ఏమిటో ఆ సాయంత్రం ఫోనులో వెతుక్కున్నాడు. ఆ కణానికి ఆయన పెట్టిన పద్నాలుగక్షరాల ఇంగ్లీషు పేరు పత్రికల్లోనే ఉండిపోయింది. కేంద్రంలో అందరి నోటా అది చేమిరే.

సుబ్బరావమ్మ ఒక్క షరతు పెట్టింది. "శుక్రారం ఇయ్యను. దీపాలు పెట్టినాక అసలే ఇయ్యను. దీపాలు పెట్టినాక చేమిరిస్తే ఇచ్చినోళ్ళ ఇంట్లో పాడి పోద్ది." డైరెక్టరు మూడు రోజులు ఆలోచించి సర్క్యులర్ తీశాడు. శుక్రవారాలూ, మిగతా రోజుల్లో సాయంత్రం ఐదున్నర తర్వాతా కణాల సేకరణ జరగదు. కారణం అన్నచోట "సాంకేతికం" అని రాశాడు.

చేమిరి పనిచేసింది. ఒకరా ఇద్దరా, నూట పద్నాలుగు మంది. స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళు చెప్పులు ఎక్కడ విడిచామో వెతుక్కుంటూ ఇళ్ళకు వెళ్ళారు. అయితే చేమిరితోపాటు ఇంకోటి కూడా వెళ్ళింది.

సుబ్బరావమ్మకు పుట్టిన దగ్గర్నుంచీ చింతపండు పడదు. నాలిక మీద పడితే చాలు, పెదాలు ఉబ్బి, గొంతు పూడి, ఒళ్ళంతా దద్దుర్లు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మొదటి పేషెంటు కోలుకుని ఇంటికి వెళ్ళే రోజున చుట్టాలు సంబరంగా పులిహోర తెచ్చారు. రెండో ముద్దకే మనిషి ఊపిరాడక విలవిల్లాడాడు. ఆసుపత్రి లోపలే కనుక బతికాడు. క్యాన్సరుకు లొంగని మనిషి పులిహోరకు పోబోయాడన్నమాట.

అప్పటి నుంచి ధనుంజయ ప్రతి పేషెంటుకూ గట్టిగా చెప్పేవాడు. జన్మలో చింతపండు ముట్టకూడదు. పొరపాటున కడుపులోకి పోతే వేసుకోవడానికి ఒక పచ్చబిళ్ళల సీసా ఇచ్చేవాడు. చెప్పడం తేలికే. పులుసు లేదు, చారు లేదు, పులిహోర లేదు, గోంగూరలోకి నాలుగు రెబ్బలు లేవు. బతికి ఇంటికి వెళ్ళినవాళ్ళు కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందరికంటే ఎక్కువ గోల చేసింది వంటల పిచ్చయ్య. నరసరావుపేట చుట్టుపక్కల ఏ పెళ్ళయినా గాడిపొయ్యి దగ్గర నిలబడేది ఆయనే. కడుపులో గడ్డ కరగ్గానే డాక్టరు గదిలోకి వచ్చి, "ప్రాణం ఇచ్చి నాలిక పీక్కున్నారు గదా సారూ! రుచి చూడలేని వంటోణ్ణి ఎవడు పిలుస్తాడు?" అని అరిచి, తలుపు విసిరికొట్టి వెళ్ళాడు. మిగతావాళ్ళు కలిసి చేమిరి బంధువుల సంఘం అని పెట్టుకుని నెలనెలా కేంద్రంలో కలుసుకునేవారు. పిచ్చయ్య ఒక్కసారి కూడా రాలేదు.

ఇంతవరకూ కథ బాగానే ఉంది. తప్పు ధనుంజయ దగ్గర జరిగింది.

సుబ్బరావమ్మ దగ్గర నెలకొకసారి మించి తీయకూడదని నియమం. అది రాసింది ఆయనే. కానీ బయట వరండాలో ఎదురుచూసే మనుషులు పెరిగిపోయారు. కోలుకున్నవాళ్ళ దగ్గర నుంచి చేమిరి తీద్దామని ఎనిమిది మంది మీద ప్రయత్నించాడు. ఎక్కించిన ఎనిమిది చోట్లా నీళ్ళు పోసినట్టే అయింది, తోడుకోలేదు. దాంతో మళ్ళీ సుబ్బరావమ్మ దగ్గరికే. నెల కాస్తా పదిహేను రోజులైంది, తర్వాత పది. ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు. "తీసుకో బాబూ, పిండే కొద్దీ గేదె చేపుద్ది" అనేది. వద్దనాల్సింది ఆయన. ప్రతిసారీ ఇదొక్కసారే అనుకుంటూ సంతకం పెట్టాడు.

ఉగాది వెళ్ళిన వారం స్కాన్‌లో రెండు మచ్చలు కనిపించాయి. రేగుపళ్ళంత ఉన్నాయి. రక్తం చూస్తే కావలి కణాలు అక్కడొకటి ఇక్కడొకటి, సంత ముగిసిన తర్వాత మిగిలిన మనుషుల్లా.

ధనుంజయ ఆ కాగితాలు పట్టుకుని ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సింది దారంతా కూడబలుక్కున్నాడు. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"నేను ఎక్కువ తీసేశానమ్మా. మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు వారాలు దాటితే నా చేతుల్లో ఉండదు."

ఆవిడ కిటికీ వైపు చూసింది. "ఇంటికాడ కోడలు గేదెల్ని సరిగ్గా తోలుకొస్తందో లేదో" అంది. తర్వాత ఆయన మొహం చూసి, "ఏడవమాకు, చూడలేక చస్తన్నా. మా ఇంట్లో చేమిరి పాడైతే ఏం చేస్తామో తెలుసా?"

"తెలీదు."

"మేం ఎవరికిచ్చామో ఆళ్ళింటికే గిన్నె పట్టుకుపోతాం. మన చేమిరే గదా ఆళ్ళింట్లో ఉండేది."

"అదీ చూశానమ్మా. ఎనిమిది మంది దగ్గర తీశాను. ఒక్కటీ తోడుకోలేదు."

సుబ్బరావమ్మ మంచం మీద లేచి కూర్చుంది. వచ్చిన జబ్బు గురించి విన్నప్పుడు రాని కోపం అప్పుడు వచ్చింది. "నా చేమిరి తోడుకోకపోటమా! చేమిరి మంచిదే, పాలూ మంచియ్యే. తప్పు కుండది. పోయి ఆళ్ళ కుండలు చూసిరా."

"కుండలా?"

"ఇళ్ళకు పోయి చూడు బాబూ. నీకాడికొచ్చేటప్పుడు అందరూ శుభ్రంగానే కడుక్కునొస్తారు."

మర్నాడు ధనుంజయ చెప్పాపెట్టకుండా తెనాలిలో విశ్వనాథం మాస్టారి ఇంటికి వెళ్ళాడు. తీసినా తోడుకోని ఎనిమిది మందిలో మాస్టారు మొదటివాడు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సంఘానికి కార్యదర్శి. మధ్యాహ్నం పన్నెండున్నర. వీధి గుమ్మం దగ్గరే మునక్కాడల పులుసు వాసన పలకరించింది. డాక్టరును చూడగానే మాస్టారు కంచం మీద ఇంకో కంచం బోర్లించాడు.

"మా ఆవిడ కోసం" అన్నాడు అడక్కుండానే.

ధనుంజయ మంచినీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ పొయ్యిగట్టు మీద, పోపుల పెట్టె పక్కనే, జీలకర్రకూ మెంతులకూ మధ్యలో పచ్చబిళ్ళల సీసా ఉంది. సగం ఖాళీ.

"ఈ సీసా ఇక్కడెందుకుందండీ?"

మాస్టారి భార్య కనకవల్లి అమాయకురాలు. "ఇంకెక్కడుండాలి బాబూ? మందుల డబ్బాలో పెడితే ఈయన మర్చిపోతారు. ఇక్కడైతే తాలింపు వేస్తూ నేనే చేతిలో పెడతాను. పులుసు రోజున ఒకటి, పచ్చడి రోజున రెండు. చింతకాయ తొక్కయితే ముందొకటి, తర్వాతొకటి."

"ఈ లెక్క మీకెవరు చెప్పారు?"

"ఈయనే కట్టారు. సంఘంలో అందరికీ కాగితం మీద రాసిచ్చారు కూడాను. చక్కగా గళ్ళు గీసి!"

గుమ్మంలో మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, మీరు ప్రాణం పోశారు, కాదనను. కానీ చారు లేకుండా మనిషి ఎన్నాళ్ళని..." అని ఆగిపోయాడు.

ధనుంజయ వంటింటి గడప మీదే కూలబడ్డాడు. గడప మీద కూర్చోకూడదని కనకవల్లి అనబోయి, ఆయన వాలకం చూసి ఊరుకుంది. పచ్చబిళ్ళ చేసే పని ఒక్కటే, ఒంట్లో కావలి కణాలను జోకొట్టి పడుకోబెట్టడం. ఎప్పుడో ఒకసారి వేస్తే కాసేపు కునుకు తీసి లేస్తాయి. రెండేళ్ళుగా పూటపూటా జోకొడుతుంటే ఇంక లేచేదెప్పుడు? నిద్రపోయే చేమిరి ఎక్కడ తోడుకుంటుంది? పాత గడ్డలు కరిగిపోయాయి కనుక వీళ్ళకింకా ఏమీ కాలేదు. ఇట్లాగే తింటూ కూర్చుంటే అదీ ఎంతో దూరం లేదు. పోనీ ఇవాళే బిళ్ళ మాన్పిస్తే? కణాలకు పూర్తిగా మెలకువ రావడానికి నాలుగు నెలలు. సుబ్బరావమ్మకు ఉన్నది మూడు వారాలు.

ఆదివారం సంఘాన్ని పిలిపించాడు. హాలు నిండింది. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. సుబ్బరావమ్మ సంగతి నాలుగు మాటల్లో చెప్పి, "మీలో ఒక్క బిళ్ళ కూడా అలవాటు చేసుకోనివాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు.

ఒక్క చెయ్యీ పూర్తిగా లేవలేదు. మూడో వరసలో ఒకావిడ చెయ్యి సగం లేచి, "మా తోటికోడలు దోసకాయ పులుసు పెట్టినప్పుడు... మాఘమాసమంతా..." అని దిగిపోయింది. ఒకరిద్దరు ఏడుస్తున్నారు. తమకు ప్రాణం ఇచ్చిన మనిషి ప్రాణానికి తమ చారుగిన్నె అడ్డం వచ్చిందని ఎవరు ఓర్చుకోగలరు?

"పిచ్చయ్య రాలేదుగా" అన్నారు వెనక నుంచి ఎవరో.

అంత దుఃఖంలోనూ హాలంతా గొల్లుమంది. "వాడా? వాడు గరిటెలతో తాగుతుంటాడు!"

ధనుంజయ మాత్రం కారు తీశాడు.

పిచ్చయ్య సత్తెనపల్లిలో కల్యాణమండపం వెనక ఉన్నాడు. నాలుగడుగుల గాడిపొయ్యి మీద గంగాళం, అందులో చింతపండు గుజ్జు కుతకుతలాడుతోంది. ముక్కు వరకూ తువ్వాలు కట్టుకుని, తెడ్డుతో తిప్పుతూ ఆవిరిలో దేవుడిలా నిలబడ్డాడు.

"ఏం సారూ, నా నాలిక తిరిగిద్దామనొచ్చారా?"

"పిచ్చయ్యా, నిజం చెప్పు. పచ్చబిళ్ళ ఎన్నిసార్లు వేసుకున్నావు?"

"ఒక్కసారి."

"నిజం చెప్పమన్నాను."

"పొయ్యి మీద ఒట్టు సారూ, ఒక్కటే. చిలకలూరిపేటలో పెళ్ళి. పులుసు రుచి చూద్దామని ముందుగా బిళ్ళేశా. నిలబడే కునికా. లేచేసరికి గంగాళం అడుగంటి మాడిపోయి, పెళ్ళికొడుకు నాన్న నా నెత్తిన నిలబడున్నాడు. ముప్పై ఏళ్ళల్లో నా గంగాళం అడుగంటలా సారూ! అప్పటికప్పుడే సీసా తీసుకెళ్ళి కాలవలో ఇసిరేశా."

"మరి రుచి?"

"చూడలా. రెండేళ్ళయింది. ఆవిరి పీల్చి చెప్తన్నా ఉప్పెంతో, పులుపెంతో. మొదట్లో ఆవిరికే ఒళ్ళంతా దద్దుర్లొచ్చేయి, తర్వాత్తర్వాత అవీ రాటంలా. నేను చెప్పినా ఎవడూ నమ్మడు, నాకాడికెందుకొచ్చారు?"

ధనుంజయకు ఆ చివరి మాటలు చెవిన పడ్డాయి కానీ లోపలికి దిగలేదు. ఆయన మనసంతా మెలకువగా ఉన్న చేమిరి మీదే ఉంది. సంగతి చెప్పాడు. పిచ్చయ్య తెడ్డు తిప్పడం ఆపాడు. గంగాళాన్ని చూశాడు, డాక్టరును చూశాడు.

"ఆమె బిడ్డ పెళ్ళికో, మనవడి పెళ్ళికో పిలుస్తదేమోనని చూస్తన్నా నేను. ఇట్టా పిలిచిందా? వడ్డన కానీయండి సారూ, వస్తా. పెళ్ళోళ్ళని ఆకుల ముందు వదిలేసి రాలేను."

వడ్డన అయ్యేసరికి రెండున్నర. కొండవీటికి చేరేసరికి మూడున్నర. రక్తం యంత్రంలో తిరిగి, కణాలు వేరై, చిన్న సంచిలో చెంచాడు చేమిరి చేతికొచ్చేసరికి ఆరుంబావు. అది గంటలోపు ఎక్కాలి. ధనుంజయ సంచి పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి సలోమి లైటు వేసి ఉంచింది. పక్కనే కుర్చీలో పిచ్చయ్య, మోచేతికి దూది నొక్కుకుంటూ.

సుబ్బరావమ్మ చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"రేపు పొద్దునే ఎక్కించు."

"రేపటికి ఇది బతకదమ్మా!"

"దీపాలు పెట్టేశారు. ఇప్పుడిస్తే ఈ అబ్బాయింట్లో లక్ష్మి పోద్ది."

"నాకట్టాంటి పట్టింపుల్లేవక్కా" అన్నాడు పిచ్చయ్య.

"నాకుంది. పొయ్యి మీద బతికేవోడివి, నీ చేతిలో లక్ష్మి పోగొట్టి నేను బతకాలా? నూటపద్నాలుగు మందికి పొద్దునపూటే ఇచ్చా. తీసుకునేటప్పుడు మాత్రం ఏళ తప్పనా?"

సలోమి బతిమాలింది. పిచ్చయ్య అరిచాడు. ధనుంజయ నోటికి వచ్చిన శాస్త్రమంతా చెప్పాడు. సుబ్బరావమ్మ చెయ్యి బయటకు రాలేదు. గోడగడియారంలో ఆరున్నర దాటింది. సంచిలో ఉన్న చెంచాడు ప్రాణం ఆయన అరచేతిలో గోరువెచ్చగా తగులుతోంది.

ధనుంజయ గిర్రున తిరిగి స్విచ్చు దగ్గరికి వెళ్ళి లైటు ఆర్పేశాడు. వరండాలోకి వెళ్ళి అక్కడివీ ఆర్పాడు. ఫోను తీసి కరెంటు గదికి చెప్పాడు. జబ్బు ముదిరినవాళ్ళుండే అంతస్తులు, ఆపరేషన్ గదులు వదిలేసి, మిగతా కేంద్రంలో దీపాలు మొత్తం తీసేయమన్నాడు. "కారణం ఏం రాయమంటారు సార్?" అని అవతలి నుంచి అడిగితే, "సాంకేతికం" అన్నాడు.

గదిలో చీకటి కాలేదు. కిటికీలోంచి కొండ వెనక ఎరుపు ఇంకా మిగిలుంది.

"అమ్మా, ఇక్కడ దీపాలు పెట్టలేదు" అన్నాడు. "పెట్టేలోపల తీసుకోండి."

సుబ్బరావమ్మ ఆ ఎరుపు వైపు చూసింది, పిచ్చయ్య వైపు చూసింది. "పొద్దింకా పోలేదులే" అని చెయ్యి చాపింది. సలోమి కిటికీ వెలుగులో నరం వెతికి, తడబడకుండా సూది గుచ్చింది. చుక్కచుక్కగా చేమిరి దిగింది. చివరి చుక్క దిగాక కానీ దీపాలు వెలగలేదు.

ఏడు రోజులు ధనుంజయకు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజున రక్తం చూస్తే కావలి కణాలు తిరునాళ్ళ జనంలా ఉన్నాయి. తోడుకుంది! మూడో వారం స్కాన్‌లో రేగుపళ్ళు రెండూ మిరియపు గింజలయ్యాయి. ఆరో వారానికి మళ్ళీ పలక తుడిచినట్టే. ధనుంజయ ఆ చిత్రాన్ని నాలుగుసార్లు తీయించాడు. ఐదోసారి సలోమి యంత్రం తాళం దాచేసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి పిచ్చయ్య రెండు క్యారియర్లతో వచ్చాడు. ఒక దాంట్లో సుబ్బరావమ్మ కోసమని వేరే గిన్నెలో, వేరే గరిటెతో, వేరే పొయ్యి మీద చేసిన నిమ్మకాయ పులిహోర. రెండోది సిస్టర్లకూ డాక్టరుకూ చింతపండుది. పిచ్చయ్య కబుర్లలో పడి ఒక క్యారియర్ తీసి ఆవిడ చేతికిచ్చాడు. సుబ్బరావమ్మ గిన్నె ముందు పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. ధనుంజయ కిటికీ దగ్గర స్కాన్ చిత్రం పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. సలోమి మిగిలిన క్యారియర్ తెరిచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"పిచ్చయ్యన్నా, ఇది నిమ్మకాయదిగా?"



సుబ్బరావమ్మ గిన్నె మూడొంతులు ఖాళీ. ధనుంజయ చేతిలో చిత్రం జారిపోయింది. సలోమి ఇంజక్షను కోసం పరుగెత్తింది. పిచ్చయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "చంపేశా! ఈ చేత్తో చేమిరిచ్చి ఈ చేత్తోనే చంపేశా!"

"ఏందా గోల? తిననీయండి" అంది సుబ్బరావమ్మ.

ధనుంజయ ఆవిడ నాలిక చూశాడు, గొంతు చూశాడు, నాడి పట్టుకుని గడియారం చూస్తూ పావుగంట కూర్చున్నాడు. పెదాలు ఉబ్బలేదు. ఒక్క దద్దురు లేదు. మూడోసారి మెడ తడుముతుంటే పిచ్చయ్య గాడిపొయ్యి దగ్గర అన్న మాట ఇప్పుడు లోపలికి దిగింది. మొదట్లో ఆవిరికే దద్దుర్లొచ్చేవి, తర్వాత రాలేదు. రెండేళ్ళు రోజుకు ఇంత ఆవిరి. సూదిమొనంత, సూదిమొనంత. చింతపండును చూసి ఉలిక్కిపడే చేమిరి పిచ్చయ్య ఒంట్లో దానికి అలవాటు పడిపోయింది. క్యాన్సర్‌ను మాత్రం వదల్లేదు. మనిషికి నేర్పలేని సర్దుబాటు కణానికి గంగాళం నేర్పింది.

"పిచ్చయ్యా" అన్నాడు నెమ్మదిగా, "నువ్వూ తిను."

"నేనా? వద్దు సారూ. నాకు బతకాలనుంది."

"సలోమి చేతిలో ఇంజక్షనుంది. నేనున్నాను. ఒక్క మెతుకు."

పిచ్చయ్య మెతుకు నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఐదు నిమిషాలు. పది. ఏమీ కాలేదు. ముద్ద తీసుకున్నాడు. నమిలాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా నమలడం ఆగింది. మొహం మెల్లగా మారిపోయింది.

"ఉప్పెక్కువైంది!"

సలోమి తల పక్కకు తిప్పుకుంది.

"సిస్టరూ, ఇట్టా చూడు. నేను ఆవిరి పట్టి వేసే కొలతే ఇది. రెండేళ్ళనుంచీ నా పులిహోరలో ఉప్పు ఎక్కువవుతుందా?"

"కొంచెం అన్నా."

"ఇన్ని పెళ్ళిళ్ళు చేశా! ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదేంది?"

"మా మరిది పెళ్ళికి నువ్వే వండావు" అంది సలోమి. "కాటికి పోయి తిరిగొచ్చిన మనిషి, పొయ్యి దగ్గర నిలబడి వండుతున్నాడు, అదే పదివేలని అందరూ మజ్జిగ ఎక్కువ పోసుకుని తిన్నారు."

సుబ్బరావమ్మ గిన్నె అడుగు వేలితో తుడుస్తోంది. అరవై రెండేళ్ళకు మొదటిసారి చింతపండు తిన్న మనిషి అందరి వైపూ చూసి, "దీనికోసమా మీరంతా బిళ్ళలు మింగింది?" అంది. తర్వాత ఇంకాస్త ఆలోచించి, "ఇంకుంటే పెట్టు" అంది.

ధనుంజయ నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత కుర్చీ పట్టుకుని, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. వరండాలో వెళ్తున్న ఇద్దరు డాక్టర్లు ఆగి, ఇది ఎవరి గొంతో తెలియక లోపలికి తొంగి చూశారు.

నవ్వు తగ్గాక ఆయన పిచ్చయ్య పక్కన కూర్చున్నాడు. "ఇకనుంచి చేమిరి మీ ఇంటిది. కానీ నెలకొక్కసారే తీస్తాను. నువ్వు బతిమాలినా రెండోసారి తియ్యను. నీ దగ్గర తీసుకున్నవాళ్ళలో తోడుకున్నాక వాళ్ళ వంతు, తర్వాత ఇంకొకళ్ళ వంతు." సుబ్బరావమ్మ వైపు తిరిగి, "మీరు మాత్రం ఇంక ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు" అన్నాడు.

"సర్లే, గేదెల కాడికి పోనిస్తే చాలు" అంది ఆవిడ.

"సలోమీ, సంఘంలో అందరికీ ఫోన్లు చెయ్యి. పచ్చబిళ్ళలు మానెయ్యమను, సీసాలు పోపుల పెట్టె దగ్గర్నుంచి తీసెయ్యమను. చింతపండు ఇప్పుడే ముట్టొద్దను. ముందు కుండలు కడుక్కోమను. వంతు రాగానే ఒక్కొక్కళ్ళకీ కొత్త చేమిరి వేస్తాం, ఆ తర్వాత కడుపునిండా పులుసు పోసుకోవచ్చని చెప్పు."

"రేపు పొద్దున చేస్తాను సార్, నూటపదమూడు ఫోన్లు."

ధనుంజయ కిటికీలోంచి కొండ వైపు చూశాడు. ఎండ వాలుతోంది.

"ఇప్పుడే మొదలుపెట్టు" అన్నాడు. "దీపాలు పెట్టే వేళ అవుతోంది."